మిషనన్న వీధిలో గీకని రోడ్డు

ఇందుమూలంగా తిరుపతి, చిత్తూరు, పలమనేరు రోడ్ల మీద తారు పని చేసే సమస్త జనానికీ తెలియజేయడమేమనగా: నేటి నుంచి మిల్లింగు మిషను బానెట్టు మీద టీ గ్లాసు పెట్టుకోవచ్చు. ఆపరేటరు సీటు మీద తడి తువ్వాలు ఆరేసుకోవచ్చు. టూల్సు పెట్టెలో దాచిన చెనిక్కాయలు అడక్కుండా తినొచ్చు. తీసిన స్ప్యానరు తీసినచోట పెట్టకపోయినా అడిగే దిక్కు లేదు. తిట్టేవాడు పోయినాడు. ఆ మిషను తోలే మా మిషనన్న పోయినాడు. మొన్నటి వానల్లో, పట్టపగలు, ఇంట్లో చేరిన నీళ్లు బకెట్టుతో ఎత్తిపోస్తా పోయినాడు.

మిల్లింగు మిషనంటే తెలీనోళ్లకు చెప్తా. పాత తారు రోడ్డును పైపైన గీకి ఎత్తే మిషను. కింద ఒక డ్రమ్ము, దాని చుట్టూ ఇనప పండ్లు. అది తిరిగితే పాత తారు పొడిపొడై, బెల్టెక్కి, ముందరుండే టిప్పర్లో పడతాది. అట్లా గీకినంకనే కొత్త తారు పోయాల. గీకకుండా పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకోటి పోసుకుంటా పోతే రోడ్డు పైకి లేస్తాది, పక్కనుండే ఇండ్లు గుంతలో పడతాయి. వాన పడితే నీళ్లు యాడికి పోతాయి? ఇండ్లల్లోకే. దీనికి ఇంజినీరు చదువు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి తప్పిన నాకే అర్థమైంది.

నేను ఆ మిషను పక్కన నడిచే మనిషిని. ఎంత లోతు తెగతాందో కొలిచి, చెయ్యెత్తి అన్నకు సైగ చేయడం నా పని. తక్కిన టైములో ఆయన ప్రాణం తీయడం నా పని.

అన్న పొద్దున్నే మిషనెక్కేవాడు కాదు. గడ్డపార పట్టుకోని రోడ్డంతా టకటకా కొట్టుకుంటా నడిచేవాడు. రోడ్డు కింద ఇనప మూతలుంటాయి. తారు పోసిన మహానుభావులు వాటిని గూడా పూడ్చిపెట్టింటారు. డ్రమ్ము పోయి దానికి తగిలితే పండ్లన్నీ రాలిపోతాయి. సప్పుడు మారినచోట సున్నంతో గుండ్రంగా గీసేవాడు. సాయంత్రం మిషను ఆపి, డ్రమ్ము కింద పండుకోని, ఒక్కో పన్ను చేత్తో తిప్పి సూసేవాడు. తిరక్కుండా బిగుసుకున్న పన్ను ఒకపక్కే అరిగిపోతాదంట. పండ్లు కాగిపోకుండా నీళ్లు చిమ్మే సన్న పైపులుంటాయి, వాటి బెజ్జాల్లో దుమ్ము పట్టేది. దాన్ని వదిన తల పిన్నులతో తీసేవాడు. "పెండ్లాడినప్పుడు డబ్బా నిండా ఉండె నా పిన్నులు. అన్నీ ఆ మిషను తినేసె" అని వదిన నవ్వేది.

ఆయన నాకు నేర్పిన చదువంతా ఒక్క ముక్క. "గీకాలరా, పీకగూడదు." తొందరపడి మిషనును తోలితే తారు పెడ్డలు పెడ్డలుగా లేస్తాది, కింద గుంతలు పడతాయి. మెల్లగా పోతే దువ్వెనతో దువ్వినట్లు సన్న గీతలు మిగుల్తాయి. ఇంకోటి గూడా అనేవాడు: "పండ్లు తోమనోని నోరూ, పండ్లు మార్చనోని మిషనూ ఒగటే కంపు." ఇది మాత్రం నన్ను సూసే అనేవాడు.

చంద్రగిరి కాడ పని చేస్తాన్నప్పుడు ఒక పెద్దాయన వచ్చి "ఏం తవ్వతాండారప్పా?" అన్నాడు.

"రాజుల కాలం బంగారప్పా. రోడ్డు కింద దాచిపెట్టినారంట. ఎవురితో అనొద్దు" అన్నా.

టీ తాగి వచ్చేలోపల టిప్పరు చుట్టూ జనం. ఒకామె తారు పొడి కొంగున కట్టుకోని పోతాంది. అన్న మిషను ఆపి దిగినాడు.

"పారేయమ్మా, చీర పాడైతాది. వాడి నోట్లో ఇంతవరకు నిజం పుట్టలేదు" అని ఆమెను పంపించి, నా పక్క తిరిగినాడు. "నీ నోటికి గూడా ఒక నీళ్ల పైపు పెట్టాల్రా. బాగా కాగిపోయుండాది."

అంతే. అంతకు మించి తిట్టలేదు. ఆ మెత్తదనమే ఆయన్ని ముంచింది. చదివేవాళ్లకు కోపమొస్తే రానీ, రాస్తా.

ఊర్లన్నీ గీకిన మనిషి ఉండేది తిరుపతిలో ఒక పాత వీధిలో. పెద్దోళ్ల కార్లు తిరిగే రోడ్లన్నీ గీకి పోసినారు. ఆయన వీధిని ఒక్కసారన్నా గీకలేదు. ఓట్లొచ్చినప్పుడల్లా ఒక పొర పోసినారు. ఇంట్లోనుంచి వీధిలోకి రావాలంటే పైకి ఎక్కాల్సి వచ్చేది. చినుకు పడితే వదిన గుమ్మానికి ఇసక మూటలు అడ్డం పెట్టుకునేది. అన్న మా కాంట్రాక్టర్ని ఎన్నోసార్లు అడిగినాడు. కాంట్రాక్టరు పేరు రాయను. రాస్తే ఆయనకు పేరొస్తాది.

"సందుకు మిల్లింగేందప్పా? మీ వీధిలో విమానం దిగాల్నా?" అనేవాడు ఆ పెద్దమనిషి. చుట్టూ ఉండేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినోళ్లల్లో అందరి ఇండ్లూ రోడ్డుకు పైనే ఉండాయి.

కడాసారి ఆ వీధికి పొర పోసిన పొద్దు మా మిషను యాడుందో తెలుసా? ఆ వీధి మొగదలనే. పని అయిపోయి నిలబడుండాది. తాళం అన్న జోబీలో ఉండాది. ఆయన నన్ను గూడా పిలుచుకోని అన్నానికని ఇంటికి పోతే, గుమ్మం ముందర పాత తారు మీదనే కొత్త తారు పొగలు కక్కతాంది.

"ఎక్కన్నా మిషను! డ్రమ్ము దించు. ఎవుడొస్తాడో నేను సూస్తా" అని అరిసినా.

"ఆర్డరు లేకుండా దించగూడదురా. అది దొంగతనం."

"నీ ఇంట్లోకి నీళ్లు తోలేది దొంగతనం కాదా?"

అన్న చెప్పులు చేతికి తీసుకోని, కాగే తారు తొక్కకుండా పక్కనుంచి గోడ పట్టుకోని ఇంట్లోకి దిగినాడు. ఆ పొద్దు నాకు కాంట్రాక్టరు మీద కన్నా అన్న మీద ఎక్కువ మండింది. ఇప్పటికీ మండతానే ఉండాది. మర్యాదస్తుడంట మర్యాదస్తుడు!

మొన్న వానకు ఇసక మూటలు ఆగలేదు. ఆ పొద్దు అన్న నాకు ఫోను చేసినాడు. "గీకకుండా ఇంకొక్క పొర ఈ వీధిలో పోస్తే, ఆ మిషను పన్ను ఒక్కటి నిలబడదురా. నేను బతికున్నా సచ్చినా నిలబడనీను" అన్నాడు. తర్వాత కథ వదిన చెప్పింది. బియ్యం మూట మంచం మీదికెత్తి, బకెట్టు తీసుకున్నాడంట. రొమ్ములో పట్టేసినట్లుండాదని గోడకు ఆనుకున్నాడంట. వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఆటో రాలేదు.

పాడెను ఇంట్లోనుంచి రోడ్డు మీదికి ఎత్తడానికి కింద నలుగురం, పైన నలుగురు కావాల్సి వచ్చినారు. బావిలోనుంచి తీసినట్లు తీసినాం. కాంట్రాక్టరు టిప్పరు టైరంత పూలమాల తెచ్చి "నా కుడిచెయ్యి పోయింది" అని కండ్లు తుడుచుకున్నాడు.

కర్మాంతరం అయినంక అదే మనిషి వచ్చి వదినకు దండం పెట్టి, "అన్న గుర్తుగా ఈ వీధికి కొత్త రోడ్డేస్తాండామమ్మా" అన్నాడు. గీకతారా అని అడిగినా. "గీకేదానికి టైము లేదప్పా. మీదనే పోసేస్తాం" అన్నాడు.

సూడండి! ఏ పొరల కింద మనిషి పోయినాడో, ఆయన పేరు మీద ఇంకో పొర. వదిన తల వంచుకోని గుమ్మాన్నే సూస్తా నిలబడింది. ఇంకొక్క పొర పడితే ఆ ఇల్లు వదిలిపెట్టి పోవాల్సిందే. ఆమెకు వేరే ఇల్లు యాడుండాది?

ఈ కాంట్రాక్టరు సంగతి నాకు తెలుసు. ప్రతి పనికీ ముందర మిషనుకు గుమ్మడికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించనిదే ఇంజను స్టార్టు చేయనీడు. అందుకే అన్న ఫోనులో చెప్పిన మాట అందరి ముందర, అక్షరం తప్పకుండా అప్పజెప్పినా.

ఆయన మొగం సున్నం కొట్టినట్లయింది. "నిజంగా అట్లన్నాడా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆయన అబద్ధమాడింది నువ్వెప్పుడన్నా ఇన్నావా సార్?" అన్నా.

మర్నాడే మిషనొచ్చింది. బతికున్నోడు అన్నేండ్లు దండం పెట్టి అడిగితే ఇననోడు, సచ్చినోడు బెదిరిస్తే ఇన్నాడు. థూ.

మిషను నేనే ఎక్కినా. గీకే కొద్దీ పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. గోడ దగ్గరికి డ్రమ్ము పోదు కాబట్టి గుమ్మం ముందర మాత్రం గడ్డపారతో కొట్టినాం. తారు పెడ్డ లేస్తే కింద నల్లరాయి మెట్టు కనబడింది. ఇంకా కొడితే ఇంకో మెట్టు. పెండ్లయి వచ్చిన కొత్తలో సాయంత్రాలు ఇద్దరం వాటి మీదనే కూర్చునేవాళ్లమని వదిన చెప్పింది. చెంబుతో నీళ్లు తెచ్చి కడిగి, పై మెట్టు మీద కూర్చుంది.

"అబ్బీ, ఒకటి అడుగుతా చెప్పు. ఆ పొద్దు మీ అన్న ఫోను తెల్లారే నీళ్లల్లో పడి చెడిపోయింది. నీకెట్ల చేసినాడు?"

చేయలేదు. చదివే మీకూ అదే చెప్తాండా. ఫోను లేదు, శాపం లేదు. ఒకర్ని బెదిరించే మాట ఆయన నోట జన్మలో రాలేదు. అదంతా నేను అల్లిందే.

వదినకు గూడా "చేయలేదొదినా" అన్నా. ఆమె కొంగు దగ్గరికి లాక్కోని గోడ పక్కకు జరిగింది. మెట్టు మీద ఇంకొకరికి చోటు మిగిలింది. నేను కూర్చోలేదు.