దీపం పట్టుకునే మనిషి

మేం బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఇంటి అంకుల్ గారు పోయారు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఆంటీ ఫోన్ చేసి, "అంకుల్ ఇక లేరమ్మా" అన్నారు. ఫోన్ మా ఆయన చేతికిచ్చి, పైకి వెళ్ళే మెట్ల మీద కూర్చుండిపోయాను.

కెనడాలోని ఈ సస్కటూన్ వచ్చిన కొత్తలో నాకు గుమ్మం దాటాలంటే భయం. ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని, ఇంగ్లీషు రాదు. శనివారం సాయంత్రాలు పైన అంకుల్ గారు కథల ఆట ఆడించేవారు. బల్ల చుట్టూ కూర్చుంటే ఆయన కథ చెబుతారు. మిగతావాళ్ళు తలో పాత్ర అయి, ఏం చేస్తారో చెప్పాలి. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. మా ఆయన, యూనివర్సిటీలో చదివే ఇద్దరు తెలుగు అబ్బాయిలు ఆడేవారు. ఓ రోజు టీ ఇచ్చి వచ్చేద్దామని పైకి వెళ్ళాను.

"కూర్చోమ్మా. వీళ్ళు గుహలోకి వెళ్తున్నారు, దీపం పట్టుకునే మనిషి లేరు" అన్నారు అంకుల్ గారు.

అలా నేను ఆటలోకి వచ్చాను.

"మా ఆవిడ ఇంట్లో మాట్లాడినట్టు ఇక్కడ మాట్లాడితే రాక్షసుడే పారిపోతాడండీ" అన్నారు మా ఆయన.

"ముందు నీ ప్రాణం సంగతి చూసుకోవయ్యా. ఆటలో ఇంకొక్క దెబ్బకి పోయేలా ఉన్నావు" అన్నారు అంకుల్ గారు.

అంకుల్ గారి లాప్‌టాప్‌లో ఏఐ ఉండేది. మేం ఆడుతున్నంతసేపూ మాటలు విని రాసుకునేది. క్రితంసారి ఏం జరిగిందో దాన్ని అడిగి, నాకోసం తెలుగులో చదివేవారు. రాక్షసులకి పేర్లూ అదే ఇచ్చేది. నచ్చకపోతే "ఇదేం పేరు, దగ్గు మందులా ఉంది" అని కొట్టేసేవారు.

ఒకసారి "ముగ్గురూ గుహ దాటారు" అని చదివి ఆగిపోయారు.

"ముగ్గురేంటి? దీపం లేకుండా ఎలా దాటారు?"

ఆ క్రితం శనివారం సాయంత్రమంతా నేను నోరు విప్పలేదు. గొంతు వినపడలేదు కాబట్టి దాని కథలో నేను లేను.

"పోనీండి అంకుల్, కంప్యూటర్ కదా" అన్నాడు ఒక అబ్బాయి. ఆయన పోనివ్వలేదు. నన్ను టైప్ చేసి కలిపాకే కథ కదిలింది.

"మాట్లాడని మనిషి లేనట్టు కాదమ్మా. దానికి తెలీదు, మనకి తెలియాలి" అన్నారు.

అప్పటినుంచి ప్రతి వారం మొదట నన్నే అడిగేవారు. "దీపం వెలిగించావా?"

తల ఊపేదాన్ని.

"ఊపితే వెలగదు. చెప్పాలి."

"వెలిగించానండి" అంటేనే తన కుర్చీ పక్కనున్న చిన్న లైటు వేసి కథ ఎత్తుకునేవారు. ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి, పోయిన చలికాలానికి బస్సు డ్రైవర్‌ని దారి అడిగేదాకా వచ్చాను.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఓ శనివారం ఆంటీ మమ్మల్ని పైకి పిలిచారు. మా కథ సగంలో, ఓ కొండ కింద సొరంగంలో ఆగిపోయి ఉంది. ఒక అబ్బాయి లాప్‌టాప్ తెరిచాడు.

"అంకుల్ చెప్పిందంతా ఇందులో ఉంది. ఆయనలాగే చెప్పమంటే మిగతాది చెప్పేస్తుంది. ఫినిష్ చేద్దామా?"

మంచి మనసుతోనే అన్నాడు. ఆంటీ తల దించుకున్నారు.

"వద్దు" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. "పేర్లు కావాలంటే అడుగుదాం. ఆయనలా మాత్రం అది మాట్లాడొద్దు. తలో వారం మనమే చెబుదాం."

"మరి మొదట ఎవరు అక్కా?"

కిటికీ బయట మంచు పడుతోంది, గదిలో మసక కమ్మింది. ఆయన కుర్చీలోంచి నన్ను అడిగేవాళ్ళు లేరు.

"దీపం వెలిగించానండి" అన్నాను.

ఆంటీ లేచి వెళ్ళి, ఆ చిన్న లైటు వేశారు.