తాత తలూపు మీద నేను చేసిన యుద్ధం

ఇప్పుడు నా సొమ్ము నేను తీసుకోవాలన్నా ఫోను ఆరంకెలు చెప్పమంటుంది, చెప్పేలోపు గడువు తీరిపోయిందంటుంది, మళ్లీ మొదటికి తెస్తుంది. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, ఉదయగిరిలో నేను పనిచేసిన బ్యాంకులో ఇంత తతంగం లేదు. కౌంటరు పక్కన స్టూలు మీద మా అటెండరు తాత కూర్చునేవాడు. ఎవరైనా డబ్బు తీసుకోవడానికి ఫారం ఇస్తే క్యాషియరు ఫారం వైపు కాక తాత వైపు చూసేవాడు. తాత తల నిలువుగా ఊపితే డబ్బు, అడ్డంగా ఊపితే బయటికి దారి. వరికుంటపాడు నుంచి మర్రిపాడు దాకా ఎవరు ఎవరి బిడ్డ, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరి సంతకం ఎవరు పెడతారు, అన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆయన స్టూలెక్కాక ఒక్క పైసా తప్పుడు చేతికి పోలేదట. ఇంత అనాగరికమైన పద్ధతిని చూసి నాబోటి చదువుకున్నవాడు ఊరుకుంటాడా?

నేను ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త గుమాస్తాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు (తెలివి మాత్రం అప్పటికే పర్మనెంటు). మా బ్రాంచికి కంప్యూటరు వస్తోందనీ, దాని వెనకే కొత్తరకం మోసాలూ వస్తాయనీ చెప్పి, నెల్లూరులో మూడు రోజుల శిక్షణకు నన్ను పంపించారు. మిగతా వాళ్లందరికీ ఆ మూడు రోజులూ ఇళ్లలో పనులున్నాయి. అక్కడ టై కట్టుకున్న ఒకాయన మనిషి మొహాన్ని నమ్మకండి, రుజువును నమ్మండి అని చెప్పాడు. పాస్‌వర్డు అనే మాట నేను విన్నది అక్కడే. మధ్యాహ్నం భోజనం కూడా బాగుండటంతో చెప్పిందంతా ఒంటబట్టింది. తిరిగొచ్చాక, కంప్యూటరు ఇంకా దారిలో ఉండగానే, మేనేజరు గారిని ఒప్పించి ఒక విప్లవం తెచ్చాను. ప్రతి ఖాతాదారూ ఒక రహస్యపు మాట ఎంచుకోవాలి. డబ్బు తీసుకునేటప్పుడు అది చెప్పాలి. ‘పాస్‌పుస్తకం, సంతకం, రహస్యపు మాట: ఈ మూడూ సరిపోతే ఇక మనిషితో పని లేదు’ అని నా చేత్తోనే నోటీసు రాసి అంటించాను. తాత దాన్ని నిదానంగా చదివి, “మనిషితో పని లేకపోతే డబ్బులు ఎవురికిస్తాం నాయనా?” అన్నాడు. పెద్దాయనకు సాంకేతిక విషయాలు ఎలా తెలుస్తాయిలే అని జాలిపడ్డాను.

వారం తిరిగేసరికి నా రహస్యాల రిజిస్టరు నిండింది. సగం మంది మాట యేసు, తక్కిన సగం మంది మాట వెంకటేశ్వరస్వామి. ఇలా కుదరదు, ఇంకెవరికీ తెలియనిది చెప్పండి అంటే, వరికుంటపాడు రైతు ఒకాయన తన ఎద్దు పేరు చెప్పాడు. “దాని పేరు ఊరందరికీ తెలుసు గదా” అన్నాను. “తెలిసీ ఎవురూ తోలుకుని పోలేదు గదా సార్” అన్నాడు. ఆ గుంపులో నాకు దొరికిన ఒకే ఒక్క రత్నం చెంచాలక్క. కొండ కర్రతో చెంచాలూ గంటెలూ చేయించి పట్నాలకు పంపే వ్యాపారం ఆమెది. ఆరుగురు ఆడవాళ్లు ఆమె వసారాలో కూర్చుని ఆ చెంచాలు నునుపు చేసి ఇళ్లు నడుపుకునేవాళ్లు. ఆమె బాగా ఆలోచించి, చనిపోయిన అత్తగారి పేరు ఇచ్చింది. “ఆ పేరు మా ఇంట్లో ఎవురూ ఎత్తరు సార్. భద్రంగా ఉంటాది” అంది.

చిక్కల్లా మా క్యాషియరు చెవులతో వచ్చింది. ఆమె మొదటిసారి గుసగుసగా చెప్తే “ఏంది?” అన్నాడు. రెండోసారీ “ఏంది?” అన్నాడు. మూడోసారి ఆమె చెప్పింది బస్టాండు దాకా వినిపించింది. మాట సరిపోయింది కాబట్టి నేను తృప్తిగా టిక్కు పెట్టాను. ఇంకో సంగతి. పద్దు రాయించుకోవడానికి పాస్‌పుస్తకాలు బల్ల మీద కుప్పగా పడేసి, మర్నాడొచ్చి ఎవరిది వాళ్లు ఏరుకోవడం మా దగ్గర ఆచారం. పుస్తకం మొదటి పేజీలోనే సంతకం కూడా ఉండేది. ఆ కుప్ప జోలికి నేను పోలేదు (శిక్షణలో కుప్పల గురించి చెప్పలేదు).

పది రోజులకు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చాడు. చెంచాలక్క పాస్‌పుస్తకం ఇచ్చాడు. ‘నాకు జ్వరం, మా మరిదిని పంపుతున్నాను’ అన్న ఉత్తరమూ, ఆమె సంతకంతో ఫారమూ ఇచ్చాడు. ఆపైన కౌంటరు మీదికి వంగి రహస్యపు మాటను నా చెవిలో, నాకొక్కడికే వినపడేలా చెప్పాడు. రహస్యాన్ని రహస్యంగా చెప్పిన మొదటి మనిషి! నాకు కళ్లు చెమర్చినంత పనైంది. స్టూలు మీంచి తాత లేచి వచ్చి, “నాయనా, వాళ్లత్తకు ఒకడే కొడుకు. ఈ అక్కకు మరిది యాడ నుంచి వచ్చినాడు?” అన్నాడు. “మూడూ సరిపోయినాయి తాతా. నువ్వు పోయి మంచినీళ్లు పట్టుకురా” అన్నాను. తాత మంచినీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాను. ఆ పెద్దమనిషి డబ్బు తీసుకుని, నాకు నమస్కారం కూడా పెట్టి వెళ్లాడు.

పావుగంటకు చెంచాలక్క స్వయంగా వచ్చింది. జ్వరం తగ్గిందా అక్కా అని అడిగాను. “నాకు జరమా? ఎవురు చెప్పినారు?” అంది. నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది. తాత స్టూలు మీద కూర్చుని, “శనివారం ఆ ఆరుమందీ నా మొహం చూస్తారు సార్. కర్ర తెచ్చే ఆయనా చూస్తాడు. నేను ఏం చెప్పేది?” అని నెమ్మదిగా అడిగింది. జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. గోడ మీద నా నోటీసు, నా అక్షరాలు, నన్నే చూస్తున్నాయి.

అప్పుడు వచ్చాడు తాత. ఆయన వెనక ఆ ఇస్త్రీ చొక్కా, వాడి రెండు చేతులూ పట్టుకుని కండక్టరు, ఆ వెనక ఆత్మకూరు బస్సులో సగం మంది. డ్రైవరు తాతకు చర్చిలో పక్కన నిలబడి పాడే మనిషి. బస్సు ఆపమంటే ఆపాడు. తాత ఎక్కి చొక్కా పక్కనే కూర్చుని కుశలం అడిగాడట. చెంచాలక్క మరిదినన్నాడు వాడు. “అట్లయితే మీయమ్మ పుట్టినూరు ఏది నాయనా?” అన్నాడు తాత. అమ్మ పేరు చెవిలో చెప్పగలిగినవాడు అమ్మ పుట్టినూరు చెప్పలేకపోయాడు. ఒకసారి చేజర్ల అన్నాడు, ఒకసారి కావలి అన్నాడు. మిగతా విచారణ ప్రయాణికులు చూసుకున్నారు.

డబ్బు పైసాతో సహా చెంచాలక్క కొంగులోకి చేరింది. గోల విని మేనేజరు గారు గదిలోంచి వచ్చి ఏం జరిగిందన్నారు. నేను నోరు తెరిచాను. మాట రాకముందే తాత చెప్పాడు: “ఈ పిల్ల సారుకు అనుమానం వచ్చి నన్ను ఎనకాల పంపినాడు సార్.” తెరిచిన నోరు నేను మూసుకున్నాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. నెలలోపే పైఆఫీసు నుంచి నా పేరు మీద ప్రశంసాపత్రం వచ్చింది. తాత అందులో ‘ఒక కింది ఉద్యోగి సాయంతో’ అన్నచోట ఉన్నాడు. ఉద్యోగం పర్మనెంటయింది. ఎందుకట్లా చెప్పావు తాతా అని అడిగితే, “నాకు ఆర్నెల్లలో రిటైరు. ఆ కాయితం నేనేం చేసుకునేది?” అని బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాత చాలా ఏళ్లు నేనే టై కట్టుకుని, ఒకరి పేరు ఇంకొకరు ఎలా కాజేస్తారో కొత్త పిల్లలకు పాఠాలు చెప్పాను. ఉదాహరణలు ఎన్నో ఇచ్చాను. ఆ బ్రాంచిలో దొరక్కుండా తప్పించుకున్న ఒకే ఒక్క పేరు దొంగ గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాడి ప్రశంసాపత్రం ఇప్పటికీ మా ఆత్మకూరు ఇంట్లో గోడకు వేలాడుతోంది.

పోయిన వారం ఫోను నా ఖాతాకు తాళం వేసి, నేను నేనే అని నిరూపించుకోమంది. ప్రశ్న: మీ అమ్మ పుట్టిన ఊరు? (ఇది తాత ప్రశ్న. ఎవరు కాజేశారో.) మా అమ్మది నిజంగానే చేజర్ల, అదే కొట్టాను. తప్పంది. ఎవరూ ఊహించకూడదని, మోసాల నిపుణుడిని కదా, ఎప్పుడో ఏదో అబద్ధపు ఊరు పెట్టి మరిచిపోయాను. మూడుసార్లు కొట్టి, నాలుగోసారి అలవాటు కొద్దీ పక్కకు చూశాను. అక్కడ స్టూలు లేదు. ఉండి ఉంటే తాత నన్ను చూసి తప్పకుండా తల ఊపేవాడు. నిలువుగానా, అడ్డంగానా అన్నది మాత్రం నేను గట్టిగా చెప్పలేను.