బొట్టు పెట్టిన సీడీ

దెయ్యాలన్నా మహిమలన్నా నాకు మొదటినుంచీ నవ్వే. కొబ్బరికాయ కుళ్లిపోతే కొట్టువాణ్ని తిట్టాలి గానీ అపశకునం అనకూడదనే రకం నేను. అందుకే ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

తొంభైల చివరి మాట. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మా మావయ్యకి మిషన్ పార్టులు చేసే చిన్న వర్క్‌షాపు ఉండేది. సరుకుతో పాటు టెస్టు సర్టిఫికెట్లు కంప్యూటర్‌లో అచ్చువేసి ఇవ్వాలని సరుకు కొనే ఒక పెద్ద పార్టీ షరతు పెట్టింది. "నేను చూసుకుంటాను మావయ్యా" అని గొప్పలకి పోయి, పత్రికతో వచ్చిన సీడీల్లోంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. అంతా బాగానే ఉంది, ప్రింటర్ తప్ప. ప్రతి వరుసా పై వరుస ముగిసిన చోట మొదలై, కాగితం అంచు దాటిపోతోంది.

"ఏట్రా అల్లుడూ, అచ్చరాలు మెట్లు దిగుతన్నాయి?" అని మావయ్య నవ్వాడు. నవ్వాడే గానీ, విశ్వకర్మ పూజ మర్నాడు సర్టిఫికెట్లతో లారీ వెళ్లకపోతే ఆ పార్టీ చేజారిపోతుందని ఇద్దరికీ తెలుసు.

మాకు ఇంటర్నెట్ లేదు. ఉన్నవల్లా రెండు సీడీలు. వాటినిండా ఏయే దేశాల వాళ్లో రాసి ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాములు, వాటి సోర్స్ కోడ్, డాక్యుమెంట్లు. 'ప్రింటర్' అని వెతికితే జవాబులు వరదలా వచ్చిపడ్డాయి, ఒక్కటీ పనికి రాలేదు. పూజ రోజు పొద్దున్న మావయ్య మాటే గుర్తొచ్చి, ఇంగ్లీషులో 'మెట్లు' అని కొట్టి, డ్రైవులో ఉన్న మొదటి సీడీ అంతా వెతకమన్నాను.

అంతలో అత్తయ్య పూజ పళ్లెంతో వచ్చేసింది. ఆ రోజు మా దగ్గర ఎవరూ పనిముట్టు ముట్టరు. లేతు మిషన్లతో పాటు కంప్యూటర్‌కీ బొట్టు పెట్టింది. బల్లమీదున్న రెండో సీడీని తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టి, మెరిసే వైపే మొహం అనుకుని, గంధం, కుంకుమ దట్టంగా అద్దింది.

"అత్తయ్యా, కంప్యూటర్ చదివేది ఆ వైపే."

"సదివేదైతే మరీ మంచిది. బొట్టెట్టకపోతే ఎలాగ?" అంది.

కంప్యూటర్ దాని పని అది చేసుకుంటూనే ఉంది. మావయ్య ఆ కంప్యూటర్ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. అందరం షెడ్డులో కూర్చుని పూరీ, బూందీ తిన్నాం.

మధ్యాహ్నం, ముట్టుకోను, చూస్తానంతే అని మావయ్యని బతిమాలి తాళం తీయించాను. తెరమీద ఒకే ఒక్క జవాబు. అచ్చు మెట్లలా వస్తుంటే, ప్రతి వరుస చివరా ఎడమ అంచుకి తిరిగి రమ్మని ప్రింటర్‌కి చెప్పాలట. ఎలా చెప్పాలో కూడా అందులోనే ఉంది. ఆనందం పట్టలేక అక్కడే గెంతాను.

మర్నాడు పొద్దున్నే అలాగే చేశాను. సర్టిఫికెట్లు తిన్నగా వచ్చాయి, లారీ వెళ్లింది, మావయ్య అందరికీ మిఠాయి పంచాడు.

తర్వాత ఆ డాక్యుమెంటు పూర్తిగా చదువుదామని తెరవబోయాను. డ్రైవులో ఉన్న మొదటి సీడీలో అది లేదు. అదే మాటతో మళ్లీ వెతికించాను, ఏమీ రాలేదు. దేవుడి ముందున్న రెండో సీడీ దగ్గరికి వెళ్లాను. కుంకుమ చెదరలేదు, పైన అక్షతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మెల్లిగా తుడిచి డ్రైవులో పెట్టాను. డాక్యుమెంటు అందులో ఉంది, పొల్లు పోకుండా అదే వాక్యంతో.

అత్తయ్యకి చెబితే ఆశ్చర్యపోనేలేదు.

"పూజ నాడు సెలవు మనకి గానీ, ఆ దేవుడికి కాదు కదేటి" అంది.

అప్పటినుంచీ కంప్యూటర్లతోనే బతుకుతున్నాను. ఇంతకన్నా మంచి వివరణ నాకింకా దొరకలేదు.