నలభై మూడో పేజీ

ప్రెస్సు నుంచి రెండు వందల కాపీలు దిగేసరికి ముందుగదిలో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. పుస్తక ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుంది. వార్డులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన హెడ్ నర్సు తన జ్ఞాపకాలన్నీ రాసి, సొంతంగా అచ్చు వేయించుకుంది. ఇప్పుడు చెల్లెలితో కలిసి చాప మీద కూర్చుని, పేజీలు ఎగిరిపోయాయా, తలకిందులయ్యాయా అని ఒక్కో కాపీ తిప్పి చూస్తోంది.

"సంతకం కాస్త అర్థమయ్యేట్టు పెట్టక్కా! మందుల చీటీ అనుకుని షాపుకు పట్టుకెళ్తారు," అంది చెల్లెలు.

అక్క నవ్వలేదు. నలభై మూడో పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మొదటి కాపీలోనే కాదు, ప్రతి కాపీలోనూ అక్కడే ఆగుతోంది. ఆగినప్పుడల్లా చెవి పక్కనే ఎవరో గొంతు సవరించుకున్నట్టవుతోంది. ఆ వెంటనే మాట.

"సిస్టర్, మావాడికి ఫోన్ చేశారా?"

పదకొండో మంచం మీది ముసలి వడ్రంగి గొంతది. అతను పోయి పంతొమ్మిదేళ్లయింది. అతని గురించి పుస్తకంలో రెండే వాక్యాలున్నాయి: 'నిద్రలోనే ప్రశాంతంగా వెళ్లిపోయాడు. ఎవరినీ పిలవలేదు.'

ముప్పయ్యో కాపీ దగ్గర ఆమె తిప్పడం ఆపేసింది. పుస్తకం మూసేసి, "ఇది అబద్ధమే," అంది. చెల్లెలికి మొదటిసారి నిజం చెప్పింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసలాయన కొడుకు కోసం కలవరిస్తూనే ఉన్నాడు. "చేస్తాను పెద్దాయనా," అని ఆమె మాటిచ్చింది. అంతలో బస్సు బోల్తా పడి, దెబ్బలు తగిలినవాళ్లతో వార్డు నిండిపోయింది. ఫోన్ సంగతి గుర్తొచ్చి చేసేసరికి మధ్యాహ్నం దాటింది. కొడుకు జుట్టు నిండా రంపపు పొట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి తండ్రి ముఖం మీద దుప్పటి కప్పేశారు.

"నాన్న నన్ను అడిగాడా?" అన్నాడు.

అడిగాడంటే, మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదంటాడు. అందుకని లేదంది. అతని మనసు కష్టపెట్టకూడదనే అలా అన్నానని తనకు తాను సర్దిచెప్పుకుంది. అప్పట్నుంచీ అతని కొట్టున్న వీధిలోకి మాత్రం వెళ్లలేదు.

"అప్పుడంటే భయపడ్డావు. మళ్లీ ఇందులో ఎందుకు రాశావక్కా?" అంది చెల్లెలు.

"చెప్పీ చెప్పీ నాకే అది నిజమైపోయింది."

మర్నాడు ఒక కాపీ సంచిలో పెట్టుకుని ఆ కొట్టుకు వెళ్లింది. కొడుక్కీ జుట్టు నెరిసింది. చిత్రిక పట్టడం ఆపి, కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే జరిగిందంతా చెప్పింది. తిడతాడనుకుంది, కొట్టినా పడదామనుకుంది.

అతను చెక్క అంచును బొటనవేలితో రుద్దాడు.

"అంతకు వారం ముందే నేనూ నాన్నా పోట్లాడుకున్నాం. నా మీద కోపం తీరకుండానే పోయాడనుకున్నా. చివరిదాకా నా ఊసే ఎత్తలేదంటే మరి ఏమనుకోవాలి? పంతొమ్మిదేళ్లుగా మా అమ్మా అదే అనుకుంటోంది." చిత్రిక పక్కన పెట్టాడు. "ఎన్నిసార్లు పిలిచాడు?"

"లెక్కపెట్టలేదు బాబూ. వార్డులో ఎటు తిరిగినా ఆయన పిలుపు వినిపిస్తూనే ఉంది."

అతను క్షమించాననలేదు. "అచ్చులో అబద్ధం ఉండకూడదమ్మా," అన్నాడంతే.

అక్కాచెల్లెళ్లు రెండు రోజులు ఆ తప్పు దిద్దే పనిలోనే ఉన్నారు. ఆ రెండు వాక్యాల మీద అతికించడానికి సవరణ చీటీ అచ్చు వేయించారు. ఏం జరిగిందో, తప్పెవరిదో అందులో దాచకుండా ఉంది. జిగురు ఆరీ ఆరక కాగితం ముడతలు పడింది. కట్టలు కడితే పుస్తకాలు మధ్యలో ఉబ్బి కనిపించాయి. "అచ్చుతప్పులు దిద్దేవాళ్లను చూశాను గానీ, నీలా సొంత తప్పు దిద్దుకునేవాళ్లను చూళ్లేదు," అంటూనే చెల్లెలు వేళ్లు అంటుకుపోయేదాకా అతికించింది. ముసలాయన గొంతు మాత్రం అక్కకు ప్రతి కాపీలోనూ వినపడుతూనే ఉంది.

ప్రదర్శన మొదటి రోజు మూలనున్న వాళ్ల బల్ల దగ్గర పెద్దగా ఎవరూ ఆగలేదు. రెండో రోజు సాయంత్రం వడ్రంగి కొడుకు తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. ఆవిడకు చూపు ఆనదు. కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి పుస్తకం తడిమింది. వేలికి అతికించిన కాగితం అంచు తగిలింది.

"ఇదేనా? చదువమ్మా," అంది.

హెడ్ నర్సు చదివింది. చుట్టూ జనం రొదలో ఆవిడకు వినపడదేమోనని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గరగా చివరిదాకా చదివింది.

ముసలావిడ ఏడవలేదు. కొడుకు చెయ్యి వెతికి పట్టుకుని, "వీడి కోసం పిలిచాడన్న చోటు ఇంకోసారి చదువు," అంది.