గంప కింద రెండు కుందేళ్లు

"...కోళ్లకు చేసినట్టు కుందేళ్లకు చేస్తరా అవ్వా?"

"మరేం, నీ లెక్క కంప్యూటర్ల సూసి చెయ్యాల్నా?"

గోడ అవతల గిన్నెలు తోముతున్న ఎంకమ్మ చెయ్యి ఆపింది. "ఏమైంది సుగుణక్కా, కిరాయి పిల్లతోని పొద్దుగాల్నే పంచాయితి?"

సుగుణమ్మ బోర్లించిన గంపను పక్కకు నెట్టింది. వాకిలంతా తెల్ల బొచ్చు చెల్లాచెదురుగా పడి ఉంది. రాత్రి డ్యూటీ చేసి అప్పుడే కంపెనీ బండి దిగిన సంతోషి, తన కుందేలు కుకీ చెవి మీది గాటును తడిగుడ్డతో అద్దుతోంది.

రెండూ ఒంటరివే, కలిపి ఉంచుదామన్నది సంతోషే. ఎలా కలపాలో సుగుణమ్మకు తెలిసింది ఒక్కటే. కొత్త కోడినైతే చీకట్లో పాతవాటితో ఒకే గంప కింద మూస్తారు. వెలుగొచ్చేసరికి అవి కలిసిపోతాయి. తెల్లవారుజామున అలాగే కుకీని తన కుందేలు పత్తితో కలిపి మూసింది. పొయ్యి అంటించేలోపే లోపల కీచుమని అరుపు.

పత్తి ఆమెకు మొయినాబాద్‌లో దొరికింది. తాను గులాబీలు కోసే తోట యజమాని పిల్లలు ఆడుకుని విసుగెత్తి వదిలేసిన జంటలో ఒకటి. రెండోది వానల్లో చచ్చిపోయింది. అప్పటి నుంచి పత్తి గోడ వైపు మొహం పెట్టి కూర్చుంటుంది. కొత్తిమీర వేసినా చూడదు. సాయంత్రం బస్సు దిగి వచ్చే సుగుణమ్మ చెప్పుల చప్పుడు వింటే మాత్రం గడప దాకా వస్తుంది. ఆ ఇంట్లో ఆమెకు ఎదురొచ్చే ప్రాణం అదొక్కటే.

సంతోషి మెహిదీపట్నంలో కుందేళ్లు అమ్మేవాణ్ణి కలిపే పద్ధతి అడిగి వచ్చింది. మధ్యలో తీగల తడక కట్టారు. వాసన అలవాటయ్యేలా దీని గడ్డి దానికి, దాని గడ్డి దీనికి మార్చారు. మొదట పళ్లు చూపించుకున్నాయి. దసరా దాటాక తడకకు అటొకటి ఇటొకటి వీపులానించి పడుకోసాగాయి. పత్తి కొత్తిమీర తింటోంది.

ఇక తడక తీయడమే మిగిలిందనుకుంటున్న ఆదివారం, సంతోషి టీ గ్లాసు పట్టుకుని వచ్చి గడప మీద కూలబడింది.

"అవ్వా, నన్ను బెంగళూరుకు మారుస్తున్నరు. ఉగాదికి పోవాలె."

వేలిలో విరిగిన గులాబీ ముల్లును పిన్నీసుతో తీసుకుంటున్న సుగుణమ్మ తలెత్తలేదు. "గట్లయితే కలుపుడెందుకు? నువ్వు పోంగనే ఇది మళ్ల గోడ దిక్కు జూసుకుంట కూసుంటది."

"కుకీని నీ దగ్గర్నే ఇడిచిపెడ్త."

"హాస్టల్ల మంచం కింద దాసి సాదితివంటివి. ఇడ్సి ఉంటవా?"

సంతోషి గ్లాసు అంచు వేలితో తుడిచింది.

"పొద్దు పొడవకముందు నేను బస్సెక్కుత," అంది సుగుణమ్మ. "మాపటికొస్త. నువ్వు లేకుంటే పగలంత వీటిని సూసేదెవరు? ఆడ బెంగళూర్ల ఇంటికాడ ఎవరన్న ఉంటరా?"

"అక్క ఉంటది. పూజక్క. ఇంట్లనే కుట్టుపని చేస్తది."

ముల్లు రాలేదు. సుగుణమ్మ పిన్నీసు పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని, నొప్పి పుట్టిన మోకాలు నిమురుకుంది. పత్తి తడకకు వీపానించి, అవతలి కుకీని ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఇయ్యాల అడ్డం తీసేద్దాం బిడ్డా," అంది. "పోయేటప్పుడు రెండింటినీ తీస్కపో."