రగ్బీ తాత జెర్సీ ఉతికిన పాపం

వీసా ఇంటర్వ్యూలో వణికాను, లేఆఫ్ మెయిల్ వచ్చినప్పుడు వణికాను. కానీ అమెరికాలో, ఆష్‌బర్న్ ఊళ్ళో ఒక పాత జెర్సీని చూసి వణికినంతగా ఎక్కడా వణకలేదు. నేనెంత ఘనుణ్ణో మీరే చూడండి.

అప్పట్లో నేనూ, వరంగల్ శ్రీకాంతూ డోరతీ గారనే పెద్దావిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆమె భర్త అప్పటికే పోయాడు. ఆయన తాత ఒకాయన, వేల్స్ దేశపు బొగ్గు గనుల్లో పనిచేస్తూ ఆ దేశం తరఫున రగ్బీ ఆడాడట. భుజం ఎముక విరిగినా మైదానం వదల్లేదట. తర్వాత అమెరికా వచ్చి మళ్ళీ బొగ్గు గనిలోకే దిగాడట. ఆమె ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగానికి గంగిరెద్దులా తలూపేవాణ్ణి. నా కొంప మునిగింది ఆ సగంలోనే.

ఆమె కూతురింటికి వెళ్తూ హాలు శుభ్రంగా ఉంచమంది. గోడ మీద ఫ్రేములో ఉండే తాతగారి జెర్సీ, ఆ ఫ్రేమ్ రిపేరుకి ఇవ్వడంతో కుర్చీ మీద ఉంది, నిండా ఎండిన బురదతో. పాపం పెద్దావిడ, ఓపిక లేక వదిలేసిందనుకుని నా జీన్స్‌తో పాటు మెషిన్‌లో వేశాను. తళతళలాడుతూ బయటికొచ్చింది.

శ్రీకాంత్ చూసి కొయ్యబారిపోయాడు.

"అరేయ్, గిది ఉతికినవా?"

"బురదగా ఉంది కదా."

"ఆయన ఆఖరి మ్యాచ్‌ల అంటిన మట్టిరా అది. అందుకే ఇన్నేండ్లు ఎవ్వరూ ఉతకలే. ఆమె నీకు గూడ చెప్పింది. నువ్వు 'వండర్‌ఫుల్' అన్నవ్."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఇల్లు ఖాళీ చేద్దాం."

అంతలో డోరతీ గారి ఫోన్. "శనివారం మావాళ్ళంతా జెర్సీ చూడటానికి వస్తున్నారు."

"వండర్‌ఫుల్," అన్నాను, గోడ పట్టుకుని.

పెరట్లో మట్టి తవ్వి, నీళ్ళు కలిపి, దోశకి కారం పూసినట్టు జెర్సీకి పూశాం. శ్రీకాంత్ ఫోన్‌లో పాత ఫోటో పెట్టుకుని, "మోచేతి కాడ ఇంకింత," అంటూ కొలతలు చెప్పాడు.

శనివారానికి డోరతీ గారు తిరిగొచ్చింది. హాలు నిండా తాతగారి మనవళ్ళు, మునిమనవళ్ళు. ఒక్కొక్కడూ బీరువాలా ఉన్నాడు. వాళ్ళు ఆ మట్టిని భక్తిగా ముట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే నేను శ్రీకాంత్ వెనక్కి జరిగాను. డోరతీ గారు జెర్సీని ముక్కు దగ్గర పెట్టుకుంది. నా వైపు చూసింది. వంటింట్లోకి రమ్మంది. నా ఉద్యోగం, వీసా, ఎముకలు ఒకేసారి గుర్తొచ్చాయి.

"సబ్బు వాసన వస్తోంది. మట్టి ఎక్కడిది?"

"పెరట్లో... గులాబీల పక్కది."

ఆమె తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది. "నయం. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఉతికినప్పుడు పూలకుండీలోని ఎరువు మట్టి పూశాను. ఇన్నేళ్ళూ పేడ వాసన కొట్టింది."

ఆ వెంటనే వాషింగ్ మెషిన్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో పరాయివాళ్ళ బట్ట ఉతకను. తన బట్టలు కూడా ముట్టుకోకపోయేసరికి, తనని పరాయివాళ్ళ లెక్కలో ఎందుకు వేశానని మా ఆవిడ ఇప్పుడు అడుగుతోంది.