ముందు నా చేతులు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను మహబూబ్‌నగర్‌లో ఒక సర్కారు దవాఖానకు సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. కాలు తీసేసినవాళ్లను పెట్టుడు కాలికి సిద్ధం చేయడం నా పని. మిగిలిన మొండి భాగాన్ని వాళ్లే రోజూ నూనెతో రుద్దాలి, వేళ్లతో తట్టాలి, కింది నుంచి పైకి పట్టీ బిగించాలి. లేకపోతే వాపు దిగదు. వాపు దిగకపోతే కాలికి కొలత తీసుకోరు.

కోస్గిలో చాయ్ హోటల్ నడిపే ఖాజా భాయ్‌కి లారీ ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. తొందరగా పొయ్యి ముందు నిలబడకపోతే హోటల్ జాగా ఇంకొకరికి పోతుందని ఆయన ఫికర్. అయినా మొండిని ముట్టుకునేవాడు కాదు. నమాజుకు ముందు చేతులు, ముఖం, కుడిపాదం ఎంతో ఓపికగా కడుక్కునేవాడు. ఎడమవైపు మాత్రం లుంగీ కప్పేసి ముఖం తిప్పుకునేవాడు. కొలతకు వచ్చిన టెక్నీషియన్ వాపు చూసి, ఇప్పుడు కుదరదని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. నోటి దురుసు నాకు మొదటి నుంచీ ఎక్కువే. నీ ఒంటిని చూసుకోవడానికి నువ్వే సిగ్గుపడితే మేమేం చేస్తామని వార్డంతా వినేలా కడిగేశాను. ఆయన నిదానంగా అడిగాడు.

“మరి గింత ఎండల గూడ మీరు ఫుల్ చేతుల జాకెట్ ఎందుకేస్తరు మేడం? నన్ను లేపేటప్పుడు చెయ్యి మీదికి జరిగితె గా మచ్చలు నేను మొదటి దినమే జూసిన.”

తల కొట్టేసినట్లయింది. నా మోచేతుల దాకా బొల్లి మచ్చలు, పెళ్లికి ముందే వచ్చాయి. స్నానం చేసేటప్పుడు కూడా వాటి వంక చూసేదాన్ని కాదు. ఆ చేతులతోనే ఎందరినో లేపి నిలబెట్టాను. వాటికి మాత్రం ఒక్క మంచి మాట చెప్పిన పాపాన పోలేదు. అక్కడి నుంచి వచ్చేశాను.

మరునాడు నూనె సీసా మా ఇద్దరి మధ్య పెట్టి, ముందు నా చేతులు, తర్వాత నీ కాలు అన్నాను. జాకెట్ చేతులు మోచేతుల దాకా పైకి మడిచాను. ఆయన లుంగీ జరిపి మొండి మీద చెయ్యి వేశాడు.

“ఇన్నేండ్లు నన్ను మోసినవ్. నిన్నే దాసిపెట్టిన. మాఫ్ జెయ్,” అని దానితోనే అన్నాడు.

నా చేతులతో అనడానికి నాకు మాట దొరకలేదు. ఊరికే నూనె రుద్దుకున్నాను.

అట్లా రోజూ చేశాం. రెండోసారి కొలత కుదిరింది. ఖాజా భాయ్ తన హోటల్‌లో తన పొయ్యి ముందు నిలబడ్డాడు.

ఒంటికి కృతజ్ఞత చెప్పడానికి సిగ్గు పోయేదాకా ఆగనక్కర్లేదని ఆ ఉదంతం నేర్పింది. నాకైతే రిటైరైనా అది పోలేదు. ఇవాళ పొద్దున కూడా సిగ్గుపడుతూనే చేతులకు నూనె రాసి, మీ పుణ్యాన్నే ఉద్యోగం చేశానని వాటితో చెప్పాను.